గిద్దలూరు ఘాట్ లారీకి హెడ్ గ్యాస్కెట్ రెండోసారి ఎందుకు పోయింది

ముందు బండి వివరాలు. టాటా పది టైర్ల లారీ, పాత మెకానికల్ డీజిల్ పంపు బండి, ఇంజను కమ్మిన్స్ 6బీటీ, టర్బో, ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) రెండూ ఉన్నాయి. 5.9 లీటర్లు, ఆరు సిలిండర్లు వరసగా, 102 మి.మీ. బోరు, 120 మి.మీ. స్ట్రోకు. ఆరింటికీ కలిపి ఒకటే హెడ్డు, దానికీ బ్లాకుకీ మధ్య గ్యాసు, నీళ్ళు బయటికి పోకుండా ఆపే ఒకటే గ్యాస్కెట్. ఈ ఇంజనుకి లైనర్లు (బోరులో విడిగా దించే గొట్టాలు) ఉండవు, బ్లాకులోనే బోరు. లైనర్ ఇంజన్లలో గ్యాస్కెట్ పోయిందంటే మొదట లైనర్ ఎత్తు చూస్తాం, ఏదైనా ఒకటి కిందకి దిగి ఉంటే అక్కడే కథ అయిపోద్ది. ఇక్కడ ఆ అవకాశం లేదు కాబట్టి ఇంకెక్కడో వెతకాలి.

బండి పని ఏంటంటే నంద్యాల మిల్లుల్లో బియ్యం, తౌడు, ఒక్కోసారి ఊక ఎత్తుకుని నల్లమల ఘాట్ ఎక్కి గిద్దలూరు, కంభం, వినుకొండ మీదుగా గుంటూరు, విజయవాడ రావడం. ఫుల్ లోడుతో ఘాట్ ఎక్కేది నంద్యాల వైపు నుంచే, ఇది తర్వాత పనికొస్తది. విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకి వచ్చేసరికే ఈ బండికి ఒకసారి హెడ్ గ్యాస్కెట్ మార్చి ఉంది, వేరే ఊళ్ళో ఎవరో చేశారు, కొన్ని నెలలు బానే తిరిగి మళ్ళీ అదే రోగం. ఓనరు వస్తూనే "అన్నా, ఈసారి మంచి గ్యాస్కెట్ వెయ్యి, పోయినసారి వేసింది డూప్లికేటు" అన్నాడు. తర్వాత హెడ్ దించి చూస్తే గ్యాస్కెట్ ఒరిజినలే.

కంప్లైంటు ఇది. నీళ్ళు తాగుతోంది, బయట ఎక్కడా చుక్క కారట్లేదు. ఖాళీగా తిరిగినప్పుడు ఏమీ లేదు, లోడుతో ఎక్కుడు వస్తే మీటరు పైకి పోద్ది, ఆపితే రేడియేటర్ పక్కన డబ్బాలోంచి నీళ్ళు ఎగదన్నుతాయి. పొద్దున స్టార్ట్ చేస్తే కాసేపు తెల్ల పొగ, ఇంజను మిస్ కొట్టి తర్వాత సర్దుకుంటది. డ్రైవర్ బాబాయ్ ఇంకో మాట చెప్పాడు, ఘాట్‌లో మీటరు ఎర్ర గీత దాకా పోయి ఒక్కసారిగా కిందకి పడిపోయేదంట, "హమ్మయ్య చల్లబడింది అనుకుని లాగేసేవాణ్ణి" అని. నీళ్ళు సెన్సార్ కంటే కిందకి దిగిపోతే సెన్సార్‌కి తగలడానికి నీళ్ళే ఉండవు, మీటరు పడిపోద్ది, ఇంజను మాత్రం అప్పుడే నిజంగా కాలుతుంటది. డ్రైవర్లందరికీ నేను చెప్పేది అదే, మీటరు మెల్లగా దిగితే చల్లబడినట్టు, ఒక్కసారి పడిపోతే వెంటనే ఇంజను ఆపాలి, వేడి మీద మూత తియ్యొద్దు, చన్నీళ్ళు పొయ్యొద్దు.

చాలా షెడ్లలో ఇక్కడే హెడ్ దించేస్తారు. రేడియేటర్‌లో బుడగలు వస్తున్నాయి, నీళ్ళు తగ్గుతున్నాయి, ఇంకేం చూడాలి అని. నేనైతే హెడ్ ముట్టుకునే ముందు ఎయిర్ కంప్రెసర్ చూస్తా. బ్రేకులకి గాలి కొట్టే కంప్రెసర్ హెడ్డు కూడా ఇంజను నీళ్ళతోనే చల్లబడుతుంది కదా, దాని గ్యాస్కెట్ పోయినా, హెడ్డు చిట్లినా, ఆ గాలి తిన్నగా కూలింగ్ నీళ్ళలోకే వస్తది, రేడియేటర్‌లో అవే బుడగలు, డబ్బా ఎగదన్నడం కూడా అచ్చం అంతే. అది తెలియక మంచి హెడ్డు దించి, గ్యాస్కెట్ మార్చి, మళ్ళీ బుడగలొస్తే బ్లాకు పోయిందని ఓనర్‌ని ఏడిపించినవాళ్ళు ఉన్నారు.

చూసే పద్ధతి కష్టమేం కాదు. బండి రాత్రంతా నిలబెట్టి పొద్దున చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టాలి. రేడియేటర్ నిండా నీళ్ళు పోసి, బెల్టు తీసేసి (వాటర్ పంపు తిరిగితే నీళ్ళు సుడులు తిరిగి బుడగ ఏదో నురగ ఏదో తెలియదు), మూత లేకుండా స్టార్ట్ చేసి చూడాలి, కాసేపే, ఎక్కువసేపు ఉంచకూడదు. ఈ బండిలో స్టార్ట్ చేసిన వెంటనే బుడగలు మొదలయ్యాయి. నీళ్ళు ఇంకా చల్లగానే ఉన్నాయి అంటే అది ఆవిరి కాదు, గాలో పొగో. ఎయిర్ ట్యాంకు నిండి గవర్నర్ (ట్యాంకు నిండగానే గాలి నింపడం ఆపించేది) కొట్టేసి కంప్రెసర్ ఖాళీగా తిరుగుతున్నప్పుడు బుడగలు తగ్గితే అనుమానం కంప్రెసర్ మీద. ఇక్కడ తగ్గలేదు. అయినా కంప్రెసర్‌కి వెళ్ళే నీళ్ళ పైపులు రెండూ విప్పి, ఇంజను వైపు మూసేసి మళ్ళీ చూశాం, బుడగలు అలాగే ఉన్నాయి. సరే, కంప్రెసర్‌ది తప్పు లేదు.

తర్వాత నాజిల్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది) పైపు నట్లు ఒక్కోటి వదులు చేసి చూశాం. వదులు చేస్తే ఆ సిలిండర్ ఆగి ఇంజను శబ్దం మారాలి. 1, 2, 3, 4 తేడా బాగా తెలిసింది, 5, 6 దగ్గర పెద్దగా మార్పు లేదు. (చేత్తో పట్టుకుని వదులు చెయ్యకండి, ఆ ప్రెషర్‌లో డీజిల్ చర్మంలోకి దూరితే ఆసుపత్రే, గుడ్డ చుట్టి స్పానర్‌తో చెయ్యండి.) డీజిల్ కంప్రెషన్ గేజి పెడితే మొదటి నాలుగూ ఇంచుమించు ఒకలా వచ్చాయి, 5, 6 రెండూ మిగతావాటి కంటే మూడో వంతు దాకా తక్కువ. పక్కపక్క సిలిండర్లు రెండూ కలిసి పడిపోయాయంటే వాటి మధ్య గ్యాస్కెట్ ఫైర్ రింగు (సిలిండర్ చుట్టూ గ్యాస్ ఆపే లోహపు అంచు) పోయినట్టే లెక్క, రింగులు, వాల్వులు అయితే అలా జతగా పోవడం అరుదు. ఇంజనాయిల్ గేజి తీసి చూస్తే నల్లగానే ఉంది, పాలలా కాలేదు, అంటే నీళ్ళు ఇంకా ఆయిల్లోకి చేరలేదు, అది కొంచెం అదృష్టం.

ఇంకోటి, ఇలాంటి బండి రాత్రంతా నిలబడి ఉంటే సిలిండర్‌లోకి నీళ్ళు దిగి ఉండొచ్చు. అలాగే సెల్ఫ్ కొడితే పిస్టన్ నీళ్ళ మీద కొట్టుకుని కనెక్టింగ్ రాడ్ వంగిపోద్ది. తెల్ల పొగ బాగా వచ్చే బండైతే ముందు నాజిళ్ళు తీసి ఇంజను చేత్తో ఒక రౌండు తిప్పి నీళ్ళు బయటికి వస్తున్నాయేమో చూశాకే సెల్ఫ్ జోలికి వెళ్ళాలి, మేమూ అలాగే చేశాం.

ఇక హెడ్ దించడం. ఈ బండి క్యాబిన్ బాడీ షాపులో కట్టించింది, పైకి లేచేది కాదు, లోపల డ్రైవర్ పక్కన ఇంజను కవర్ తీసి పని చెయ్యాలి. టర్బో, మానిఫోల్డు, ఇన్‌టేక్ పైపులు, నాజిల్ పైపులు, రాకర్లు అన్నీ విప్పాక పుష్ రాడ్లు కొంచెం తిప్పి వదులు చేసి మెల్లగా లాగాలి, ఏది ఎక్కడిదో అట్టముక్కకి బొక్కలు పెట్టి వరసగా గుచ్చి పెట్టుకున్నాం. నాజిల్ పైపులు విప్పిన చోటల్లా మూతలు పెట్టండి, ఇసుక రేణువు ఒక్కటి చాలు కొత్త నాజిల్ పోవడానికి. హెడ్డు ఒక్కటే యాభై కిలోల దాకా ఉంటది, పై నుంచి చైన్ పుల్లీతో ఎత్తాం, క్యాబిన్‌లో వంగి ఇద్దరు మోసేస్తే నడుములు పోతాయి.

హెడ్ లేచాక అంతా కనపడింది. 5, 6 మధ్య ఫైర్ రింగు కాలి నల్లటి చార పడి ఉంది, 5 పక్కన నీళ్ళ రంధ్రం వైపు ఇంకో సన్న దారి. 5వ పిస్టన్ తల మిగతావాటిలా మసి పట్టి లేదు, కడిగినట్టు శుభ్రంగా మెరుస్తోంది. నీళ్ళు ఆవిరై మసిని కడిగేస్తాయి, ఏ సిలిండర్ నీళ్ళు తాగిందో తెలుసుకోడానికి దీన్ని మించిన సాక్ష్యం లేదు. పోయినసారి చేసినవాళ్ళు గ్యాస్కెట్‌కి రెండు వైపులా వెండి రంగు పెయింటు కొట్టి వేశారు. ఈ ఇంజను గ్యాస్కెట్ పొడిగా వెయ్యాలి, ఏ పూతా అక్కర్లేదు. పెయింటు కొట్టారంటే హెడ్డు ఫేసు (గ్యాస్కెట్ ఆనే ముఖం) బాగోలేదని వాళ్ళకీ తెలుసన్నమాట, లేతుకి పంపకుండా సరిపెట్టారు.

స్ట్రెయిట్ ఎడ్జి పెట్టి ఫీలర్ దూర్చి చూస్తే హెడ్డు వెనక సగంలో, 5 దగ్గర, 0.15 మి.మీ. ఫీలర్ (సందు కొలిచే పలచటి రేకు) హాయిగా దూరిపోతోంది. బ్లాకు ఫేసు బానే ఉంది, రెండు నీళ్ళ రంధ్రాల అంచులు కొంచెం తినేసి ఉన్నాయి కానీ ఫైర్ రింగు కూర్చునే చోటు దాకా రాలేదు. రంధ్రాల్లో వేలు పెడితే తెల్లటి పెచ్చులు. కూలెంట్ ఎప్పుడూ పోయలేదు, దారిలో ఎక్కడ దొరికితే అక్కడి బోరు నీళ్ళే. మార్కాపురం, కనిగిరి చుట్టుపక్కల నీళ్ళు ఎలాంటివో ఆ వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు, టీ గిన్నెకే పెచ్చు కడుతుంది, ఇంజనుకి కట్టదా.

ఇక్కడ ఆగి, హెడ్ ఎందుకు వంగింది అనేది తేల్చుకున్నాకే ముందుకి వెళ్ళాం. వెతికితే ఒకటి కాదు, మూడు దొరికాయి.

మొదటిది థర్మోస్టాట్. హౌసింగ్ విప్పితే లోపల ఖాళీ, లేదు. పోయినసారి హీట్ ఎక్కినప్పుడు "తీసేస్తే చల్లగా ఉంటది" అని పీకేశారంట. మన దగ్గర ఈ నమ్మకం ఎంత బలంగా ఉందంటే, కొత్త బండి కొన్న వారానికే థర్మోస్టాట్ తీయించే ఓనర్లు ఉన్నారు. థర్మోస్టాట్ చేసేది ఒక్క పని కాదు, రెండు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ దారి మూసి, నీళ్ళని బైపాస్ దారిలో ఇంజనులోనే తిప్పుతుంది. వేడెక్కాక, ఈ ఇంజనులో సుమారు 83 డిగ్రీల దగ్గర, రేడియేటర్ దారి తెరవడం మొదలుపెట్టి అదే సమయంలో బైపాస్‌ని మూసుకుంటూ పోద్ది. దాన్ని పీకేస్తే రేడియేటర్ దారి ఎలాగూ తెరిచే ఉంటది, కానీ బైపాస్ కూడా ఎప్పుడూ తెరిచే ఉంటది, నీళ్ళు ఏది సులువైతే అటు పోతాయి, సగం నీళ్ళు రేడియేటర్ మొహం చూడకుండానే మళ్ళీ ఇంజనులోకి. ఖాళీ బండి అయితే ఇంజను ఎప్పుడూ చల్లచల్లగా ఉండి ఓనర్ సంతోషపడతాడు (నిజానికి అదీ నష్టమే, చల్లటి ఇంజను డీజిల్ సరిగా కాల్చదు, బోరు అరుగుతుంది), ఫుల్ లోడుతో ఘాట్ ఎక్కితే మాత్రం చాలినన్ని నీళ్ళు రేడియేటర్‌కి వెళ్ళవు.

రెండోది రేడియేటర్. పెచ్చు కట్టి ట్యూబులు సగం దాకా మూసుకుపోయాయి, రేడియేటర్ మూసుకున్నకొద్దీ బైపాస్ దారి ఇంకా సులువు, కాబట్టి మొదటిదీ రెండోదీ ఒకదాన్నొకటి పెంచుకున్నాయి. ముందు నుంచి చూస్తే రెక్కలు శుభ్రంగానే కనపడ్డాయి, రోజూ నీళ్ళు కొట్టి కడుగుతాడు డ్రైవర్ బాబాయ్. అసలు విషయం ఇంటర్‌కూలర్‌ని రేడియేటర్ నుంచి విడదీస్తే గానీ తెలియలేదు, రెండింటి మధ్య సందులో ఊక, తౌడు పొడి, దుమ్ము, ఆయిల్ తేమ కలిసి దుప్పటిలా పేరుకుని ఉంది. మిల్లుల్లో గంటలు గంటలు ఇంజను ఆపకుండా లోడు వేయించుకుంటే ఫ్యాను ఆ పొడంతా లాక్కుంటది కదా. ఊక బండ్లకి, పత్తి బండ్లకి, మొక్కజొన్న బండ్లకి ఇది మామూలే, ముందు నుంచి నీళ్ళు కొడితే ఇంకా గట్టిపడుతుంది తప్ప పోదు. ఇంటర్‌కూలర్ విప్పి వెనక నుంచి ముందుకి గాలి కొట్టాలి.

మూడోది డీజిల్ పంపు. ఘాట్‌లో పుల్లింగ్ కోసమని పంపు రూములో డీజిల్ పెంచించాడు ఓనరు. అడిగితే ముందు ఒప్పుకోలేదు, సైలెన్సర్ లోపల మసి చూపిస్తే నవ్వాడు. డీజిల్ పెరిగితే సిలిండర్‌లో ప్రెషర్, వేడి రెండూ పెరుగుతాయి. మంచి కూలింగ్ ఉన్న ఇంజను అది కొంతకాలం తట్టుకునేదేమో, ఈ మూడూ ఒకే బండిలో కలిశాక మాత్రం ఏ కంపెనీ గ్యాస్కెట్ వేసినా నిలబడదు. వెనక సిలిండర్ల దగ్గర హెడ్డు వేడికి వంగింది, వంగిన చోట గ్యాస్కెట్ మీద పట్టు తగ్గింది, ఫైర్ రింగు వదులైంది, గ్యాస్ దూరింది. పోయినసారి వంగిన హెడ్డుకే కొత్త గ్యాస్కెట్ పెట్టి బిగించారు, అది కొన్ని నెలలు ఆగడమే గొప్ప.

హెడ్డు లేతుకి పంపాం. ముందు క్రాక్ టెస్టు, తర్వాతే ఫేసింగ్, ఈ వరస తిరగేస్తే డబ్బులు దండగ. నీళ్ళ రంధ్రాలన్నీ ప్లేట్లతో మూసి గాలి కొట్టి వేడి నీళ్ళ తొట్టిలో ముంచారు, బుడగ రాలేదు, వాల్వ్ సీట్ల మధ్య డై పూసి చూసినా పగులు లేదు. పగులుంటే నేనైతే వెల్డింగ్‌కి ఒప్పుకోను, వేరే హెడ్డే. 0.20 మి.మీ. తీస్తే ఫేసు సాపు అయింది. ఎంత తీశారో లేతువాళ్ళని అడిగి కాగితం మీద రాయించుకోండి, ఎందుకంటే ఎంత తీస్తే వాల్వులు అంత పిస్టన్ దగ్గరికొస్తాయి, నాజిల్ మొన కూడా అంత లోపలికి దిగుతుంది. వాల్వ్ సీట్లు లోతు చేయించాం, నాజిల్ కింద రాగి వాషర్లు మందం చూసి వేశాం. ఈ ఇంజనుకి మామూలు కంటే మందం గ్యాస్కెట్ కూడా దొరుకుతుంది, కొలతలు సరిపోయాయి కాబట్టి దాని అవసరం రాలేదు.

బోల్టులు మొత్తం 26. ఇవి ఒకసారి వాడితే పారెయ్యాల్సినవి కావు, కానీ సాగాయో లేదో పొడవు గేజితో చూసి, గేజి దాటినవి పక్కన పెట్టాలి. కొన్ని దాటాయి. ఓనరు "ఆ నాలుగూ మార్చితే చాలదా" అన్నాడు, సెట్టు మొత్తం కొత్తదే వేయించా, మళ్ళీ హెడ్ దించే కూలితో పోలిస్తే బోల్టుల ఖర్చు ఎంత. బ్లాకులో బోల్టు రంధ్రాలు ట్యాపు పెట్టి శుభ్రం చేసి, గాలి కొట్టి పూర్తిగా ఆరబెట్టాలి. అడుగున ఆయిలో నీళ్ళో ఉండిపోతే బోల్టు దిగేటప్పుడు వాటికి పోయే దారి లేక బ్లాకునే పగలగొడతాయి, పైగా టార్క్ రెంచి టిక్కుమంటది కానీ హెడ్డు బిగిసి ఉండదు. బ్లాకు ఫేసు గీకేటప్పుడు గ్రైండర్ డిస్కు వాడే అలవాటు మానండి, ఆ పొడి బేరింగుల్లోకి పోద్ది, చేత్తో గీకడానికి ఇంకో గంట పడితే పట్టనివ్వండి.

బిగింపు ఇలా చేశాం. మరలకీ, బోల్టు తల కిందా ఇంజనాయిల్ పూసి, మధ్యలోంచి మొదలుపెట్టి చుట్టూ బయటికి వెళ్ళే వరసలో అన్నీ 90 న్యూటన్ మీటర్లకి, మన లెక్కలో సుమారు 9 కేజీలు. అదే వరసలో ఇంకోసారి 90 చెక్ చేసి, తర్వాత రాకర్ స్టాండుల గుండా పోయే పొడుగు బోల్టులు మాత్రం 120కి, ఆఖర్న అన్ని బోల్టులూ పెయింటుతో గుర్తు పెట్టుకుని ఒక్కోటి 90 డిగ్రీలు, అంటే పావు తిరుగుడు. ఆ పావు తిరుగుడు చాలామంది వదిలేస్తారు, పైపు వేసి చేతి బలంతో "టైటయింది" అంటారు, అసలు పట్టు వచ్చేది అక్కడే. వేడెక్కాక మళ్ళీ బిగించాలనే పాత పద్ధతి ఈ బిగింపుకి అక్కర్లేదు.

ట్యాపెట్లు (వాల్వుల దగ్గర వదలాల్సిన సందు) చల్లటి ఇంజను మీద, ఇన్లెట్ 0.25 మి.మీ., ఎగ్జాస్ట్ 0.50 మి.మీ. ఫైరింగ్ ఆర్డర్ 1-5-3-6-2-4. ఒకటో సిలిండర్ కంప్రెషన్ టాప్‌లో ఉంచి 1, 2, 4 ఇన్లెట్, 1, 3, 5 ఎగ్జాస్ట్ పెట్టేశాం, క్రాంకు ఒక పూర్తి రౌండు తిప్పి 3, 5, 6 ఇన్లెట్, 2, 4, 6 ఎగ్జాస్ట్. రెండు విడతల్లో పన్నెండూ అయిపోతాయి, ఒక్కో సిలిండర్‌కీ విడిగా తిప్పుకుంటూ కూర్చోనక్కర్లేదు.

కొత్త థర్మోస్టాట్ తెచ్చి గిన్నెలో నీళ్ళు కాచి తెరుచుకుంటుందో లేదో చూసే వేశాం, కొత్తదైనా సరే చూడాలి. రేడియేటర్ రాడింగ్ (ట్యూబుల్లో కడ్డీ దూర్చి పెచ్చు తీయడం) చేయిద్దామని పంపితే ట్యూబులు సగం దాకా పట్టేసి ఉన్నాయి, కోర్ మార్చాల్సిందే అన్నారు, దాని ఖర్చు గ్యాస్కెట్ సెట్టు కంటే చాలా ఎక్కువైంది. అక్కడే ఓనర్‌కీ నాకూ వాదన. "హెడ్ పని చెయ్యి అన్నా, రేడియేటర్ వచ్చే నెల చూద్దాం" అన్నాడు. రేడియేటర్ లేకుండా హెడ్డు ఎక్కించను, కావాలంటే సామాన్లన్నీ గోతంలో వేసి ఇస్తా తీసుకెళ్ళు అన్నా. రెండు రోజులు ఫోన్ చెయ్యలేదు, తర్వాత డబ్బు పంపాడు. డీజిల్ పంపు కూడా టెస్ట్ బెంచి మీద పెట్టించి కంపెనీ లెక్కకి దించాం.

బ్లాకులో పెచ్చు కడిగి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోసి, ఆయిలు, ఫిల్టర్లు మార్చాం. స్టార్ట్ చేసే ముందు డీజిల్ ఆపేసి ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా సెల్ఫ్ మీద తిప్పాం, టర్బో బేరింగుకి ఆయిల్ అందకముందే ఇంజను లేస్తే అది ఇంకో బిల్లు. రేడియేటర్‌కి ప్రెషర్ పంపు పెట్టి రాత్రంతా వదిలేస్తే ముల్లు కదల్లేదు. పొద్దున చల్లటి స్టార్ట్, మూత తీసి చూస్తే బుడగ లేదు, పై హోసు మెత్తగానే ఉంది.

నంద్యాల నుంచి బియ్యం లోడుతో ఘాట్ ఎక్కి డ్రైవర్ బాబాయ్ పైనుంచే ఫోన్ చేశాడు, మీటరు సగం దాటి కొంచెం పైకి వచ్చి అక్కడే ఆగిందంట, డబ్బాలో కూలెంట్ గీత మీదే ఉందంట. పైకి ఎక్కగానే ఇంజను ఆపకుండా కాసేపు స్లోలో ఉంచమని చెప్పా, టర్బో కోసం. ఓనరు మాత్రం ఘాట్‌లో ఒక గేరు తగ్గించి ఎక్కాల్సి వస్తోందని, పంపు కొంచెమే పెంచమని ఇంకా అడుగుతూనే ఉన్నాడు, నేను పెంచనని చెప్తూనే ఉన్నా. వాటర్ పంపు బేరింగు సన్నగా శబ్దం మొదలుపెట్టింది, వచ్చే సర్వీసులో అది మార్చాలి, ట్యాపెట్లు ఇంకోసారి చూడాలి, ఇంటర్‌కూలర్ విప్పి మధ్యలో ఊక ఎంత చేరిందో కూడా అప్పుడే చూస్తాం.